జ్వరం రోజు కాని రోజు

1. మంగళవారం

మా ఓడలో వచ్చినవాళ్లలో మొదటి జ్వరం ఈ రోజు మధ్యాహ్నం భోజనాల గంట కొట్టినప్పుడు మొదలైంది. జ్వరం వచ్చింది నా పక్క మంచం మేడిశెట్టి దొరబాబుకి. వారానికోసారి ఒడ్డు నుంచి వచ్చే మందుల పడవ ఈ పొద్దుటే వచ్చి వెళ్లిపోయింది.

మేము ఉన్నది కాకినాడకి తూర్పున సముద్రంలో నిలబడ్డ పాత చమురు వేదిక మీద. చమురు అయిపోయాక దీన్ని అడవి దేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లు కొన్నాళ్లు ఆగాల్సిన విడిదిగా మార్చారు. కాగితాల్లో దీనికి పొడుగాటి పేరుంది. అందరూ ఇనపదిబ్బ అంటారు. ఒడ్డున దోమ అంతరించి ఒక తరం గడిచింది. మలేరియా లేదని చట్టమే చెబుతోంది. కాబట్టి అది ఉన్నవాళ్లు ఒడ్డున ఉండటానికి వీల్లేదు.

దిబ్బ మొత్తానికి నర్సు ఒక్కరే, ఎస్తేరురాణి గారు. డాక్టర్లు ఒడ్డు నుంచి తెర మీద మాట్లాడతారు. జబ్బు తేల్చేది మాత్రం పెట్టె. ఎస్తేరు గారు దొరబాబు వేలి నుంచి రక్తం చుక్క తీసి అందులో పెట్టారు. పెట్టె ఆడగొంతుతో మర్యాదగా చెప్పింది: "ప్లాస్మోడియం మలేరియే. నెమ్మది రకం. ప్రాణాపాయం లేదు. మాత్రలు వచ్చే మంగళవారం పడవలో. జ్వరం రోజులు: మంగళ, శుక్ర, సోమ."

ఈ రకం రెండు రోజులు విడిచి మూడో రోజు వస్తుంది. అందుకని దిబ్బ మీద జ్వరం రోజుకి ఒక మర్యాద ఏర్పడింది. ఆ రోజు మంచానికి నీలం గుడ్డ కడతారు. వంటగది నుంచి జావ వస్తుంది. వేదిక కడిగే పని ఉండదు. మిగతా రోజుల్లో ఆ మనిషి ఆరోగ్యవంతుడి కిందే లెక్క. అన్నం, పప్పు, చీపురు.

"మా ఇంట్లో అల్లుడికి కూడా ఇంత జరగదండి, పేపరు గారూ," అన్నాడు దొరబాబు పళ్లు టకటకలాడుతుండగా. నేను పత్రికలో పనిచేస్తానని తెలిసినప్పటి నుంచి నన్ను అలాగే పిలుస్తున్నాడు.

ఆయనది అమలాపురం. ఆరేళ్లుగా బోర్నియోలో కోతులు లెక్కపెడుతున్నాడు. అక్కడ ఒక కంపెనీ అడవి నాటింది. అడవి బతికే ఉందని రుజువు చూపించడానికి దానికి కోతుల లెక్క కావాలి. దొరబాబు చేతిలో మీట ఉన్న చిన్న యంత్రం ఉంటుంది. కోతి కనబడితే ఒక నొక్కు. నేను ఆ అడవి గురించి రాయడానికి వెళ్లి ఆయనతో పాటే తిరిగొచ్చాను.

2. బుధవారం

భోజనాల గంట కొట్టారు. దొరబాబుకి చలి మొదలైంది.

"ఇవాళ మీ రోజు కాదండి, దొరబాబు గారూ," అన్నారు ఎస్తేరు గారు.

"నాకు తెలుసండి. దానికే తెలీదు."

నూట మూడు ఉంది. నీలం గుడ్డ కట్టడానికి లేదు. రోజు కాని రోజు వచ్చిన జ్వరాన్ని పెట్టె 'ఇతర వేడి' అంటుంది. కారణంగా మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి: ఎండ, దిగులు, అతిభోజనం. ఎండ లేదు. ఆయన అన్నం ముట్టలేదు. ఎస్తేరు గారు దిగులు నొక్కారు.

"దిగులుకి నూట మూడు వస్తుందా అండీ?" అని అడిగాను.

"కొందరికి వస్తాదండి," అన్నారు ఆవిడ నా వైపు చూడకుండా.

వేదిక ఆయన బదులు నేను కడిగాను. పెట్టె దానికి అభ్యంతరం చెప్పలేదు. చీపురు ఎవరు పట్టుకున్నారో అది చూడదు.

3. గురువారం

మూడు రోజులు, మూడు జ్వరాలు, ఒకే వేళకి. రక్తంలో క్రిములు ఎన్ని ఉన్నాయో పెట్టె రోజూ చెబుతుంది. మంగళవారం ఉన్నదానికన్నా ఇవాళ్టిది చాలా రెట్లు ఎక్కువ. నెమ్మది రకం అలా పెరగదు.

బోర్నియో అడవి అంచున ఒక చిన్న ఆస్పత్రి ఉంది. అక్కడి ఆరోగ్య కార్యకర్త నాతో చెప్పిన సంగతి అప్పుడు రాసుకున్నాను. మైక్రోస్కోపు కింద రెండు క్రిములు ఒక్కలాగే కనిపిస్తాయి. ఒకటి మనిషిలో ఏళ్ల తరబడి అద్దెకుండే పాతది. మూడో రోజుకోసారి తలుపు కొడుతుంది, చంపడం అరుదు. రెండోది కోతులది, నోలెసి. దోమ ద్వారా మనిషిలోకి వస్తుంది. దాని చక్రం ఒక్క రోజే. రోజూ రక్తకణాల్ని పగలగొడుతుంది, రోజూ పెరుగుతుంది, ఆలస్యం చేస్తే చంపుతుంది. ఆకారాన్ని నమ్మొద్దు, గడియారాన్ని నమ్ము అని ఆవిడ చెప్పింది. ఆ పేరా మా డెస్కువాళ్లు చోటు చాలక తీసేశారు.

ఇదంతా తెర మీద డాక్టర్ వేదవల్లి గారికి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోతారనుకున్నాను.

"నాకు తెలుసండి," అన్నారు. "నిన్నటి సంఖ్య చూడగానే అనుకున్నా. అది కోతి మలేరియానే."

"అయితే రాయండి."

"ఏమని రాయను? పెట్టెలో మనుషుల మలేరియాలు నాలుగే. ఇది కోతుల కింద ఉంది. కోతులు పశుసంవర్ధక శాఖ."

ఎస్తేరు గారి బల్ల వెనక ఇనప అలమారా ఉంది. అందులో సూది మందు ఉంది. ఫాల్సిపారం అనే ప్రాణాంతకమైన రకానికి వాడేది. ఈ జ్వరానికీ అదే పనిచేస్తుంది. కానీ అలమారా పెట్టె మాట మీదే తెరుచుకుంటుంది.

"ఫాల్సిపారం అని రాసేయండి," అన్నాను.

"పెట్టె చూసిన ఆకారం వేరు. నేను కాదంటే సమీక్ష సంఘం కూర్చోవాలి. రెండు వారాలు పడుతుంది."

"పోనీ ఆయన్ని ఒడ్డుకి తీసుకెళ్లండి."

"జ్వరం ఉన్న మనిషిని ఒడ్డుకి తేవడం నేరమండీ. తెచ్చినవాళ్లకీ, వచ్చినవాళ్లకీ."

"ఆయన రెండు వారాలు ఆగగలరా?"

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మాత్రల పడవ వచ్చేదాకా ఆగినా గొప్పే. పశుసంవర్ధక శాఖకి రాస్తాను. ఇంకేం చెయ్యాలో నాకు తోచట్లేదు."

4. శుక్రవారం

ఇవాళ సిసలైన జ్వరం రోజు. నీలం గుడ్డ కట్టారు. జావ వచ్చింది. పక్క గదిలో చీట్లపేక ఆడేవాళ్లు గొంతులు తగ్గించారు. గంట కొట్టగానే జ్వరం వచ్చింది, నూట నాలుగున్నర. "జ్వరం సమయానికి వచ్చింది. ధన్యవాదాలు," అంది పెట్టె.

దొరబాబు కళ్లు పసుపు తిరిగాయి. నిన్న సూది గుచ్చిన చోట నల్లగా కమిలింది. మూత్రం టీ డికాక్షన్ రంగులో ఉంది. ఇవేవీ పెట్టె అడగలేదు.

సాయంత్రం ఆయన భార్య రత్నమాల గారు తెర మీదకి వచ్చారు.

"ఇవాళ మీ రోజే గదా. ఇక రెండు రోజులు దిగుల్లేదు. రేపు లేచి తిరుగుతారు."

"ఆయ్," అన్నాడు దొరబాబు.

"మొహం అలా ఉందేంటండీ?"

"ఇక్కడి దీపాలు అలా ఉంటాయే. పసుపు దీపాలు."

తెర ఆరిపోయాక నా వైపు తిరిగాడు. "మంగళవారం దాకా ఉంటానంటారా, పేపరు గారూ?"

తెలిసింది చెప్పడమే నా పని. "ఉండకపోవచ్చు. మందు ముందే కావాలి. ఇది పెట్టె చెప్పిన జబ్బు కాదు, కోతులది," అన్నాను.

"ఆరేళ్లు లెక్కెట్టేనండి వాటిని. ఒక్కటీ కరవలేదు. రక్కలేదు. మనసులో పెట్టుకున్నాయన్నమాట."

5. శనివారం, పొద్దున

పశుసంవర్ధక శాఖ ఇంత త్వరగా పలుకుతుందని ఎవరూ అనుకోలేదు. డాక్టర్ పోలినాయుడు గారు తెర మీదకి వచ్చారు. శ్రీకాకుళం ఆయన. వెనకాల గేదె ఒకటి అరుస్తోంది. పక్క తెరలో వేదవల్లి గారు ఉన్నారు.

"సెప్పండి. కోతేదీ?"

ఎస్తేరు గారు కెమెరాని దొరబాబు వైపు తిప్పారు. పోలినాయుడు గారు ముందుకి వంగి చూశారు.

"ఇదేటండీ, మనిషి కదా?"

"జబ్బు కోతిది," అన్నారు వేదవల్లి గారు.

"అంటే జబ్బు నాది, రోగి మీవాడు. మీరు రాయలేరు, నేను రాయకూడదు. బాగుంది."

"మీరు రాస్తే ఇక్కడి అలమారా తెరుచుకుంటుందా?" అని నేను అడిగాను.

ఆయన తన దగ్గరున్న యంత్రంలో వెతికారు. తెరుచుకుంటుంది. ఒకప్పుడు ఓడల్లో దొంగతనంగా తెచ్చిన జంతువుల్ని పట్టుకుని ఈ దిబ్బ మీదే ఉంచేవారట. అప్పుడు ఆ శాఖకి ఇచ్చిన అనుమతిని తీసేయడం ఎవరికీ గుర్తులేదు.

"అయితే రోగిని జంతువని రాయాలి," అన్నారు ఆయన. "ఆయనకి ఇష్టమేనా?"

"ఇష్టమేనండి," అన్నాడు దొరబాబు కళ్లు మూసుకునే. "ఇంతకన్నా తక్కువ రకంవాళ్లని కూడా చూసేను."

ఆ యంత్రం మా పెట్టెలాంటిది కాదు. ఎంతో వివరంగా అడుగుతుంది. బోర్నియోలో ఈ జబ్బు మోసే కోతులు రెండు రకాలు, దగ్గరి చుట్టాలు. తోక ఎంత, చెంప మీద వెంట్రుక ఏ వైపు తిరిగింది, నడినెత్తిన మచ్చ ఉందా అని బొమ్మలతో సహా అడిగింది. కోతికీ కోతికీ ఇంత తేడా చూసే ప్రభుత్వం, క్రిమికీ క్రిమికీ మధ్య తేడా చూడటానికి ఒక్క ప్రశ్న కూడా రాసుకోలేదు.

"తోక పొడుగా, పొట్టా?" అన్నారు పోలినాయుడు గారు.

"పొడుగుది రాయించండి బాబూ. పొట్టి తోకది పొగరుబోతు."

"బరువు?"

"యాభై ఆరు కిలోలు," అన్నారు ఎస్తేరు గారు.

యంత్రం ఒప్పుకోలేదు. ఈ జాతిలో అంత బరువైన కోతి లేదంది. ఎనిమిది కిలోలకి మించి రాయనివ్వలేదు. ఎనిమిది కిలోల కోతికిచ్చే మందు దొరబాబుకి ఏ మూలకీ చాలదు. గేదె మళ్లీ అరిచింది. పోలినాయుడు గారు వేళ్ల మీద లెక్క వేసుకున్నారు.

"ఎనిమిది కిలోల కోతులు ఏడు," అన్నారు. "ఒక మంద. అన్నిటికీ ఒకటే జబ్బు. ఇందులో తప్పేటుంది?"

వేదవల్లి గారు తన తెరలో పక్కకి తిరిగి ఏదో కాగితం వెతుకుతున్నట్టు కనిపించారు.

6. శనివారం, మధ్యాహ్నం

ఒక్క పని మిగిలింది. ఏడు జంతువులు దిబ్బ మీద ఉన్నాయనీ, తాను కళ్లారా చూశాననీ ఎస్తేరు గారు వేలిముద్ర వేయాలి. అబద్ధమని తేలితే ఉద్యోగం పోతుంది. ఇక ఎక్కడా నర్సుగా పనిచేయనివ్వరు.

"నేను ప్రార్థనలో కూడా లేనిది ఉన్నట్టు చెప్పనండి," అన్నారు ఆవిడ. "ఇక్కడెలా చెప్పమంటారు?"

ఆవిడని బలవంతపెట్టడానికి నాకు హక్కు లేదు. నా ఉద్యోగానికేమీ కాదు.

"పోనీలెండి, అమ్మా," అన్నాడు దొరబాబు. "మీకు పిల్లలున్నారు. ఈ ఒక్క పూటా ఆ నీలం గుడ్డ కట్టించండి చాలు. నా రోజు కాకపోయినా."

ఎస్తేరు గారు గుడ్డ కోసం బీరువా దగ్గరకి వెళ్లారు. అప్పుడే భోజనాల గంట కొట్టారు. దొరబాబుకి చలి మొదలైంది. ఈసారి చలితో పాటు ఆయాసం కూడా వచ్చింది. మాట్లాడబోయి ఆగిపోయాడు. ఎస్తేరు గారు తీసిన గుడ్డని మళ్లీ మడతపెట్టి లోపల పెట్టేశారు.

వచ్చి బొటనవేలు ఆనించారు. "మొదటి జంతువు నమోదైంది. ధన్యవాదాలు," అంది పెట్టె. అలమారా తలుపు టక్కుమని తెరుచుకుని ఒక కోతికి సరిపడా మందు ఇచ్చి మూసుకుంది. మళ్లీ బొటనవేలు. మళ్లీ ధన్యవాదాలు. అలా ఏడు సార్లు.

సూది వేశాక ఆవిడ చేతులు కడుక్కుంటూ అన్నారు: "ఏడు అబద్ధాలండి. సాయంత్రం ఇంకో ఏడు. రేపు ఇంకో ఏడు."

"నాకొక్కడికే గదండీ," అన్నాడు దొరబాబు సన్నగా. "మందకి చెప్పకండి."

7. ఆదివారం

గంట కొట్టారు. ముగ్గురం థర్మామీటరు చూశాం. వంద. కాసేపాగి మళ్లీ చూశాం. వందకి తక్కువ.

క్రిముల సంఖ్య నిన్నటిదాంట్లో ఆవగింజంత కూడా లేదు. ఆయన పెరుగన్నం అడిగాడు. అందులోకి మాగాయ ముక్క అడిగాడు. ఎస్తేరు గారు వద్దన్నారు, తర్వాత తెచ్చిపెట్టారు.

8. సోమవారం

ఇవాళ పెట్టె చెప్పిన జ్వరం రోజు. నీలం గుడ్డ కట్టారు. జావ వచ్చింది. పేకాట ఆపేశారు. జ్వరం రాలేదు.

"జ్వరం రాలేదు. కారణం తెలపండి," అంది పెట్టె.

నయమైంది అని చెప్పడానికి వీల్లేదు. మాత్రలు రేపటి పడవలో వస్తాయి. మందు రాకముందే నయమవడం పెట్టెకి తెలియని సంగతి. అది ఇచ్చిన కారణాలు మూడే: నీడ, మనశ్శాంతి, మితభోజనం. ఎస్తేరు గారు మనశ్శాంతి నొక్కారు.

అయినా పెట్టె తృప్తి పడలేదు. వరసగా మూడు జ్వరం రోజుల్లో జ్వరం రావాలనీ, మాత్రల తర్వాత తగ్గాలనీ, అప్పుడే విడుదలనీ నియమం. ఒకటి రాలేదు కాబట్టి లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. జ్వరం తగ్గించుకుని ఒడ్డుకి వెళ్లడానికి దొరబాబు ముందు జ్వరం తెచ్చుకోవాలి.

"అది ఇచ్చిన రోజునీ జ్వరం వచ్చింది, ఇవ్వని రోజునీ వచ్చింది," అన్నాడు ఆయన. "దాని దగ్గర ఇంత నిజాయితీగా ఉంటే నన్నే అనుమానిస్తాదేంటండి?"

రత్నమాల గారు తెర మీద కనిపించి, దీపాలు మార్చారా అని అడిగారు. మార్చారని చెప్పాడు. ఎప్పుడు వస్తారని అడిగారు. మాగాయ బాగుందని చెప్పాడు.

9. మంగళవారం

పడవలో మాత్రలు వచ్చాయి. దొరబాబు లేని జబ్బుకి మాత్ర వేసుకున్నాడు. పెట్టె ధన్యవాదాలు చెప్పింది.

పడవలోనే అటవీ శాఖ ఉత్తర్వు ఒకటి వచ్చింది. ఇనపదిబ్బ మీద ఏడు పొడుగు తోక కోతులు ఉన్నట్టు పశుసంవర్ధక శాఖ ద్వారా తెలిసిందట. వాటిని అనుభవజ్ఞుడైన వ్యక్తి వెంటనే లెక్కించి స్వయంగా ఒడ్డుకొచ్చి నివేదించాలట. ఎస్తేరు గారు తన బొటనవేలు చూసుకున్నారు. ఏడు ముద్రలు, మూడు పూటలు, అన్నీ ఆవిడవే.

అడుగున మరో పంక్తి ఉంది. లెక్కించడానికి నియమించిన వ్యక్తి: మేడిశెట్టి దొరబాబు, బోర్నియోలో ఆరేళ్ల అనుభవం. సిఫార్సు చేసింది డాక్టర్ పోలినాయుడు. లెక్కపెట్టే ఉద్యోగికి విడిది నియమాలు వర్తించవు. అదే పడవలో తిరిగి వెళ్లవచ్చు.

దొరబాబు ఉత్తర్వు రెండుసార్లు చదివించుకున్నాడు. సంచిలోంచి లెక్క యంత్రం తీసి, ఊది, తుడిచాడు. చేతులు కడుక్కునే చోట గోడకి అద్దం ఉంది. దాని ముందు నిలబడి తల దువ్వుకున్నాడు. తర్వాత అద్దంలోకి చూస్తూ మీట నొక్కడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. ఒక్కో నొక్కుకీ ఒక్కో వైపు మొహం తిప్పి చూసుకున్నాడు.

"ఏడు," అన్నాడు. "అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. ఒకదానికి మాత్రం కొంచెం నీరసం."

"ఇప్పుడెక్కడున్నాయని అడిగితే?" అన్నారు ఎస్తేరు గారు.

"నాతో పాటే పడవెక్కేసేయని చెబుతానండి. అబద్ధం కాదు గదా."

వెళ్లేముందు ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆవిడ అటు తిరిగి పెట్టె మీద దుమ్ము తుడిచారు. పెట్టె మీద దుమ్ము లేదు.

10. గురువారం

దొరబాబు జ్వరం రోజు. ఖాళీ మంచానికి నీలం గుడ్డ కట్టారు. జావ వచ్చింది, నేను తాగాను. కారణం అడిగితే ఎస్తేరు గారు మనశ్శాంతి నొక్కారు. ఒడ్డు నుంచి నెలవారీ ప్రకటన వచ్చింది: తీరంలో మలేరియా సున్నా, దిబ్బ మీద కోతులకి నూటికి నూరు శాతం నయం. పత్రికలన్నీ వేసుకున్నాయి. మా పత్రిక కూడా.

మధ్యాహ్నం బోర్నియో ఓడ ఆగింది. దిగినవాళ్లలో ఒకతను, చెట్ల నర్సరీలో పనిచేసే మనిషి, మెట్లెక్కుతూనే వణుకుతున్నాడు. ఓడలో నిన్నా ఇదే వేళకి వచ్చిందట. మొన్నా వచ్చిందట.

ఎస్తేరు గారు పెట్టె దగ్గరకి వెళ్లలేదు. ముందు అతన్ని తూకం మీద నిలబెట్టారు. అరవై నాలుగు కిలోలు.

"ఎనిమిది కోతులు," అన్నారు, బొటనవేలు చీరకొంగుకి తుడుచుకుంటూ.